రెస్క్యూ అయిన పిల్లలు షెల్టర్‌కి చేరాక ఏది ముందు, ఏది తర్వాత?

వేకువ:

నమస్కారమండీ. 10 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం 12 పడకల షెల్టర్ ఒకటి మొదలవుతోంది. దానికి పనివిధానం రాయాలి. వచ్చేది మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడినవాళ్లు. కొందరు వ్యభిచార గృహాల నుంచి, కొందరు వెట్టి పనుల నుంచి వస్తారు. ఎవరికి ఎన్ని గంటల్లో సమాచారమివ్వాలి, ఎవరి ముందు హాజరుపరచాలి అన్నది దేశానికొక తీరు కాబట్టి ఆ భాగం లాయర్లకు వదిలేశాం. నాకు కావలసింది లోపలి పని.

దొరికిన నమూనా పత్రాలన్నిట్లోనూ "బిడ్డకు భద్రమైన వాతావరణం కల్పించాలి" అని ఉంది. బాగానే ఉంది. కానీ అర్ధరాత్రి ఏడుగురు పిల్లలు వ్యాన్ దిగితే ముందు స్నానమా, అన్నమా, డాక్టరా, వాంగ్మూలమా అన్నది ఎక్కడా లేదు. "నన్నెవరూ మోసం చెయ్యలేదు, నేనే వెళ్లాను, వదిలెయ్యండి" అనే పిల్లతో ఏం మాట్లాడాలి? గేటుకు తాళం వెయ్యాలా, వద్దా? ఏ గుర్తులు చూసి ఇంటికి పంపొచ్చని తేల్చాలి? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.


తొలిగంట:

వేకువ గారూ, మీ పనివిధానం గేటు దగ్గర మొదలైతే అప్పటికే ఆలస్యమైనట్టు. పిల్లల్ని విడిపించడానికి దాడికి వెళ్లే బృందంతో ముందే మాట కుదరాలి: ఎన్ని పడకలు ఖాళీ ఉన్నాయి, ఏ భాష మాట్లాడేవాళ్లు కావాలి, చంటిబిడ్డల తల్లులు ఉండే అవకాశం ఉందా. 12 పడకలకు 19 మంది వస్తే మిగతావాళ్లు పోలీస్ స్టేషన్ బెంచీల మీద తెల్లవారుస్తారు. "పోలీసులకు దొరికితే జైల్లో వేస్తారు" అని వాళ్లకు ఇన్నాళ్లూ చెప్పిన మాటే నిజమైందనుకుంటారు.

నిందితులూ పిల్లలూ ఒకే బండి ఎక్కకూడదు. ఎదురు సీట్లోంచి ఒక్క చూపు చాలు, ఆ పిల్ల ఇక నోరు విప్పదు. బయల్దేరే ముందు వాళ్ల సామాన్లు వాళ్లనే తెచ్చుకోనివ్వండి: గుర్తింపు కాగితాలు, మందులు, దాచుకున్న డబ్బు, బొమ్మ, ఫొటో. మళ్లీ ఆ చోటికి వెళ్లే వీలు దాదాపు ఉండదు. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్లి మెల్లగా అడగాలి. అటకల్లో, దొంగ గోడల వెనక పిల్లల్ని దాచిపెట్టడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. తోబుట్టువులను విడదీయొద్దు. కెమెరాలు ఎవరివైనా సరే వద్దు.

మొదటి మాటలు పొట్టివిగా ఉండాలి. "నా పేరు ఫలానా. నేను పోలీసుని కాదు. నిన్ను అరెస్టు చెయ్యలేదు. ఇప్పుడు పడుకునే చోటికి వెళ్తున్నాం, అరగంట పడుతుంది. దాహమేసినా, బాత్రూంకి వెళ్లాలన్నా చెప్పు." భయంలో ఉన్న బుర్రకు ఒక్కసారి చెబితే ఎక్కదు, దార్లో రెండు మూడుసార్లు చెప్పాలి. "ఇక నీకేం కాదు", "రేపే అమ్మ దగ్గరికి పంపిస్తాం" లాంటివి వద్దు. దళారి కూడా ఇలా మాటలిచ్చే తీసుకొచ్చాడు.

షెల్టర్‌లో వరస ఇది. నీళ్లు, బాత్రూం. రక్తస్రావం, జ్వరం, కడుపునొప్పి, మగత ఉన్నాయేమో చూడడం. తేలికపాటి తిండి. నిద్ర. స్నానం సంగతి డాక్టర్లు చెబుతారు, అందులో ఒక మెలిక ఉంది. ఆ రాత్రి వాంగ్మూలం వద్దు. ఒక్క పేజీ చాలు: ఏ పేరుతో పిలవాలి, వయసు ఎంతని చెబుతోంది, ఏ భాష, ఎక్కడైనా నొప్పి ఉందా, వాడే మందులేమిటి, పడని మందులేమిటి, అక్కడ ఇంకెవరైనా మిగిలిపోయారా, ఇక్కడున్నవాళ్లలో ఎవరంటే భయం. ఆఖరి ప్రశ్న ఫారాల్లో సాధారణంగా ఉండదు, మీరు చేర్చుకోండి.

పడుకోబెట్టే ముందు లైటు స్విచ్చి, బాత్రూం, బయటికి పోయే దారి చూపించాలి. గది గడియ లోపలి వైపు ఉండాలి, అవసరమైతే సిబ్బంది బయటి నుంచి తాళంచెవితో తీయగలగాలి. తలుపు తట్టకుండా ఎవరూ లోపలికి పోకూడదు. చిన్న దీపం వెలగనివ్వండి. తిండి దిండు కింద దాచుకుంటే తిట్టొద్దు. మూతున్న డబ్బా ఇచ్చి పాడవని తినుబండారాలు అందులో పెట్టుకోమనండి. డబ్బా ఎప్పుడూ నిండుగా ఉంటుందని నమ్మకం కుదిరాక దాచడం దానంతటదే తగ్గుతుంది.


పిల్లల_వార్డు:

ఆ మెలిక ఇదీ: చివరి లైంగిక దాడి జరిగి ఎన్ని గంటలైంది? 72 గంటల లోపైతే, పిల్ల ఒప్పుకుంటే, ఫోరెన్సిక్ పరీక్ష (ఒంటి మీది నుంచి, బట్టల నుంచి నేరానికి సాక్ష్యాలు సేకరించడం) అయ్యాకే స్నానం. ఇక్కడ రెండు ఒప్పుదలలు ఉన్నాయి, రెంటినీ కలిపేసి ఒకే సంతకం తీసుకోవడం చాలాచోట్ల జరిగే తప్పు. చికిత్సకు సరేనని సాక్ష్యాల సేకరణకు వద్దనొచ్చు. మధ్యలో ఆపమంటే ఆపాల్సిందే. విడిచిన బట్టలు ఆరినవై ఉండాలి, ఒక్కొక్కటీ వేరే కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచి బూజు పడుతుంది, డీఎన్‌ఏ పాడవుతుంది.

మందులకు గడియారం నడుస్తూ ఉంటుంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పెప్ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ఆ లోపల కూడా ఎంత తొందరైతే అంత మంచిది. కోర్సు 28 రోజులు. వికారంతో మధ్యలో మానేస్తారు కాబట్టి వాంతి తగ్గించే మందు ముందే రాయించుకుని, రోజు మాత్రను ఒక మనిషి బాధ్యతగా ఇవ్వాలి. గర్భనిరోధక అత్యవసర మాత్రకు గడువు 120 గంటలు. లెవోనార్జెస్ట్రెల్ అయితే 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదు, వేసుకున్న 2 గంటల లోపు వాంతి అయితే మళ్లీ వెయ్యాలి. అంతకు ముందు గర్భ పరీక్ష చెయ్యాలి. హెపటైటిస్ బి టీకా, గాయాలుంటే ధనుర్వాతం టీకా కూడా చూసుకోండి.

మొదటి రోజు హెచ్‌ఐవీ పరీక్షలో ఏమీ లేదని వస్తే సంబరపడొద్దు. అది పాత సంగతి చెబుతుంది, పోయిన వారం సంగతి చెప్పదు. 6 వారాలకు, 3 నెలలకు మళ్లీ చెయ్యాలి. సిఫిలిస్ కూడా 3 నెలలకు ఇంకోసారి. ఈ తేదీలు పిల్ల ఎక్కడికి మారినా ఆమె వెంట వెళ్లే వైద్య కార్డులో ఉండాలి. వేరే చోటికి పంపాక రెండో పరీక్ష తప్పిపోవడమే ఎక్కువగా జరిగేది.

"కన్యత్వ పరీక్ష" చేయించమని ఎవరడిగినా కుదరదని చెప్పండి. దానికి శాస్త్రీయమైన ఆధారమే లేదు. దాన్ని ఆపేయాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంకా ఐక్యరాజ్య సమితి సంస్థలు కలిసి చెప్పాయి.

వెట్టి పనుల నుంచి వచ్చిన పిల్లల్లో పళ్లు, కళ్లు, చెవులు, గజ్జి, నులిపురుగులు, పాత విరుగుళ్లు చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష. మగపిల్లలను లైంగిక హింస గురించి ఎవరూ అడగరు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. అందరికీ అదే ప్రశ్న, అదే గొంతుతో అడగండి. బాగా చిక్కిపోయిన పిల్లకు, రోజుల తరబడి తిండి లేని పిల్లకు ప్రేమ కొద్దీ ఒక్కసారిగా కడుపు నిండా పెట్టొద్దు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి పిల్లకు తిండి ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మత్తుకు అలవాటు చేసి తెచ్చిన పిల్లలుంటారు. మద్యం గానీ, బెంజోడయాజెపైన్ రకం నిద్రమాత్రలు గానీ హఠాత్తుగా ఆగితే ఫిట్స్ రావచ్చు, కనుక ఆ సంగతి మొదటి రాత్రే తెలియాలి. అలవాటు లేని పిల్లకు మాత్రం "నిద్ర పట్టడం లేదు పాపం" అని అవే మాత్రలు కొత్తగా మొదలుపెట్టొద్దు. ఘోరం జరిగిన మొదటి నెలలో పిల్లలకు అవి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఉంది.


మెల్లగా_అడగండి:

"నేనే వెళ్లాను" అన్న మాట గురించి. ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల్ని దోపిడీ కోసం తీసుకెళ్తే చాలు, అది అక్రమ రవాణాయే. మోసం, బలవంతం రుజువు కానక్కర్లేదు, పిల్ల ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఇది ఫైల్లో రాయడానికి. పిల్లకు వినిపించడానికి కాదు. "నీకు తెలీదమ్మా, నువ్వు మోసపోయావు" అంటే "నీకేం తెలీదు, నేను చెప్పినట్టు విను" అన్న పాత గొంతే ఆమెకు వినిపిస్తుంది.

వాదించకుండా "సరే. అక్కడ నీకు బాగున్నవేంటి, బాగాలేనివేంటి?" అని అడగండి. మరో రోజు "నువ్విక్కడ ఉండిపోతే ఎవరికైనా ఇబ్బందవుతుందా?" అనండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలా బయటికొస్తుంది: తీర్చాలని చెప్పిన అప్పు, ఇంటికి పంపుతున్న డబ్బు, "నువ్వు పోతే నీ చెల్లిని తెస్తాం" అన్న బెదిరింపు, ప్రేమించాననుకున్న మనిషి. వదిలెయ్యమంటున్నది మొండితనంతో కాదు, లెక్క చూసుకునే. ఆ లెక్కలో మీరు సాయపడగలిగింది ఏమైనా ఉంటే, చెల్లెలి భద్రత లాంటిది, ముందు అది చెయ్యండి.

వాంగ్మూలం తీసుకునేది దానికి శిక్షణ ఉన్న ఒకే మనిషి, వీలైతే ఒకేసారి, రికార్డు చేసి. "అతను నిన్ను కొట్టాడా?" అని కాకుండా "ఆ గదిలోకి వెళ్లాక ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పు" అని అడగాలి. ముందే "తెలీకపోతే తెలీదను, నేను తప్పుగా అంటే సరిదిద్దు" అని చెప్పి, చిన్న ఉదాహరణతో అలవాటు చెయ్యాలి. పోలీసు, డాక్టరు, కౌన్సెలర్, వార్డెన్, దాత, ఇలా ఐదుగురు అడిగితే ఐదు రకాలుగా వస్తుంది. కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది ఆ తేడాలనే. భయంలో నాటుకున్న జ్ఞాపకం ముక్కలుగా ఉంటుంది, తేదీలు తారుమారవుతాయి. మీరు సర్దొద్దు. పిల్ల తనంతట తాను ఏదైనా చెబితే ఆమె మాటల్లోనే, అంతకుముందు మీరేం అడిగారో, టైమెంతో రాసి పెట్టండి. గుచ్చి గుచ్చి అడగొద్దు.

అనువాదకులు పిల్ల ఊరివాళ్లు కాకపోవడమే మంచిది. దళారికి బంధువో, తెలిసినవాళ్లో అయ్యుండొచ్చు. మనిషిని చూశాక పిల్ల వద్దంటే కారణం అడక్కుండా మార్చండి.

"జరిగిందంతా చెప్పుకుంటే బరువు దిగిపోతుంది" అని మొదటి వారమే కూర్చోబెట్టే కౌన్సెలింగ్ మేలు చేయదు, కీడు చేసినా చేస్తుంది. ట్రామా (ఘోరం మిగిల్చిన మానసిక గాయం) మీద దృష్టి పెట్టే సీబీటీ, అంటే ఆలోచనల్ని, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స, 3 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం తయారైంది, మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. అందులో కూడా జరిగినదాన్ని చెప్పించడం మొదట్లో ఉండదు. ఊపిరి, నిద్ర, కోపం, భయం అదుపులోకి తెచ్చుకోవడం నేర్పాకే అది. పక్కన నమ్మకమైన పెద్ద మనిషి ఒకరుండాలి, కాబట్టి తల్లిదండ్రులు లేనిచోట ఒక కేర్‌టేకర్‌ను ఆ పిల్లకే కేటాయించాలి. ఉన్నట్టుండి ఆ గదిలోనే ఉన్నట్టు బిగుసుకుపోతే ముట్టుకోవద్దు. పేరు పెట్టి పిలిచి, ఈ రోజు ఏ వారమో, ఇది ఏ ఇల్లో చెప్పి, పాదాలు నేలకు ఆనించమనండి.


గడియ:

తాళం గురించి సూటిగా చెబుతాను. బయటి నుంచి తాళం పడిన ఇల్లు ఆ పిల్లకు ఇంకో కొట్టమే. అలాగని గేటు బార్లా తీసి ఉంచితే సందు చివర బండి ఆపుకుని ఎదురు చూసేవాళ్లుంటారు. గేటు దగ్గర మనిషి ఉండాలి, బయటివాళ్లు లోపలికి రాకుండా చూడడమే అతని పని. లోపలివాళ్లు బయటికి వెళ్లాలంటే ఎవరితో, ఎక్కడికి, ఎప్పటికి తిరిగొస్తారు అన్న మాట కుదుర్చుకోవాలి.

మొదటి రెండు మూడు వారాలు గండం. పారిపోవడానికి కారణాలు వెతికితే పెద్దవేమీ కనబడవు: ఫోన్ లేదు, సిగరెట్ లేదు, పక్క మంచం పిల్లతో గొడవ, అన్నిటికంటే ఎక్కువగా ఏమీ తోచకపోవడం. రోజుకు రెండు విషయాలైనా నిజంగా తనే ఎంచుకునేలా ఉండాలి. వెళ్లిపోతే 24 గంటలు చూద్దాం అనుకోవద్దు, వెంటనే ఫిర్యాదు చెయ్యండి. అందుకు కావలసిన గుర్తుల వివరాలు సీలు వేసిన కవర్లో ముందే ఉండాలి. తిరిగొస్తే అన్నం, డాక్టరు, స్నానం. శిక్ష వద్దు, "మేమింత చేస్తే" అన్న దెప్పుడు అసలే వద్దు. ఒకటికి రెండుసార్లు వెళ్లి రావడం ఈ పనిలో మామూలు. మూడోసారి తలుపు తట్టడానికి ధైర్యం రావాలంటే మొదటిసారి ఎలా పలకరించామన్నదే లెక్క.

వెంట తెచ్చుకున్న ఫోన్ సాక్ష్యం కూడా. తెరిచి చూడొద్దు, ఏదీ తుడిచెయ్యొద్దు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కవర్లో సీలు వేసి, పిల్లకు రసీదు ఇచ్చి దర్యాప్తు వాళ్లకు అప్పగించండి. ఆమె సోషల్ మీడియా ఖాతాలు దళారి ఫోన్లో కూడా తెరిచి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వెళ్లే నంబరు అతనిదే అయ్యుండటం కూడా చూస్తుంటాం. దర్యాప్తు వాళ్లు కాపీ తీసుకున్నాకే కొత్త పరికరం నుంచి ఆ నంబరు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయించాలి. ముందే చేస్తే సందేశాలు పోయే ప్రమాదముంది.


వేకువ:

చాలా ఉపయోగం, అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. చూడ్డానికి పదహారేళ్ల పిల్ల తనకు పందొమ్మిది అంటే? మిగతా పిల్లల మీద పెత్తనం చేస్తూ తాళాలు, లెక్కలు చూసిన పెద్దపిల్ల కూడా అదే వ్యాన్లో వస్తే?


పాత_ఫైలు:

అలా చెప్పమని నేర్పి పంపుతారండీ, దొంగ కాగితాలు కూడా చేసిస్తారు. ముందు పుట్టిన తేదీ కాగితం, బడి రికార్డు, టీకా కార్డు వెతకండి. అవి లేకపోతే తోబుట్టువుల వయసులు, ఏ తరగతిలో బడి మానేసింది, తర్వాత ఎక్కడెక్కడ ఎన్నాళ్లు ఉంది అని వరసగా రాసుకుంటే ఒక అంచనా వస్తుంది. ఎముకల ఎక్స్‌రే ఆఖరి మాట కాదు. ముంజేతి ఎక్స్‌రేను పోల్చి చూసే గ్రూలిక్-పైల్ అట్లాస్ 1950ల నాటిది, తేడా రెండేళ్లు అటూ ఇటూ రావచ్చు. పైగా ఎదుగుదల ముగిసి ఎముకల చివరలు పూర్తిగా అతుక్కున్నాక 17కీ 20కీ తేడా అది చెప్పలేదు. కాబట్టి నివేదికలో ఒక్క అంకె కాకుండా "ఇంత నుంచి ఇంత వరకు" అని రాయించుకోండి. తేలేదాకా బిడ్డగానే చూడాలి. మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా యూరప్ దేశాల మండలి చేసుకున్న 2005 ఒప్పందం 10వ అధికరణంలో ఈ సూత్రం స్పష్టంగా ఉంది, ఆ దేశాలు కాకపోయినా పనికొచ్చే సూత్రమే.

పెద్దపిల్ల సంగతి కష్టం. ఆమె కూడా అలా వచ్చినదే. అక్రమ రవాణాకు గురై ఉన్న స్థితిలో చేయాల్సి వచ్చిన తప్పులకు బాధితులను శిక్షించకూడదని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిషనర్ కార్యాలయం 2002లో ఇచ్చిన సూత్రాల్లో ఉంది. అయితే మిగతావాళ్లకు ఆమె అంటే హడల్. అందుకని వేరే గది, వేరే కేర్‌టేకర్, వేరే బండి. ఒక్కొక్కరినీ విడిగా "ఎవరు పక్కనుంటే నిద్ర పట్టదు?" అని అడగండి. నేర్పుగా పని చేస్తోంది కదా అని ఆమెకు వడ్డన, హాజరు లాంటివి అప్పగిస్తే వారం తిరక్కుండా పాత ఏర్పాటే మీ ఇంట్లో తయారవుతుంది. తర్వాత్తర్వాత ఆమెను ఎక్కువగా తినేసేది తప్పు చేశానన్న బాధ. ఆమెకు కౌన్సెలింగ్ అక్కడ మొదలవుతుంది.


గడపదాటాక:

ఇంటికి పంపే విషయం. పిల్ల ఇచ్చిన నంబరుకు ఫోన్ కొట్టడం మొదటి పని కాకూడదు. పంపింది ఆ ఇంట్లోవాళ్లే కావచ్చు, ఎత్తేది దళారే కావచ్చు. స్థానికంగా పని చేసే కేస్ వర్కర్ వెళ్లి చూడాలి, సంస్థ పేరు రాసిన బండిలో మాత్రం కాదు. ఆ బండి వాకిట్లో ఆగిందంటే సాయంత్రానికి వీధంతా కథలు అల్లుతుంది.

చూడాల్సినవి: ఇప్పుడా ఇంట్లో ఎవరెవరుంటున్నారు, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, అప్పు ఎంత, ఎవరికి, తీసుకెళ్లిన మనిషి ఇంకా అక్కడే తిరుగుతున్నాడా, చిన్న తోబుట్టువులు ఏం చేస్తున్నారు. తల్లితో, తండ్రితో విడివిడిగా మాట్లాడండి. "మాకు పరువు పోయింది" అన్న మాట ముందొస్తోందా, "బిడ్డ ఎలా ఉంది" అన్నది ముందొస్తోందా గమనించండి. ఫోన్లో ఏడవడం మంచితనానికి రుజువు కాదు, మాట రాక ఊరుకోవడం వద్దనడమూ కాదు. పిల్లను కనీసం మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో అడగండి, జవాబు మారుతుంది. ముందు ఒక పగలు, తర్వాత రెండు రాత్రులు, తర్వాత వారం రోజులు పంపి చూడండి. కుదరకపోతే బంధువుల ఇల్లు, ఫోస్టర్ కుటుంబం (పిల్లను కొంతకాలం తమ ఇంట్లో పెంచే కుటుంబం), కొద్దిమంది పిల్లలే ఉండే చిన్న గ్రూప్ హోం. పెద్ద వసతి గృహంలో ఏళ్ల తరబడి ఉంచడం పునరావాసం కాదు. ఐక్యరాజ్య సమితి 2009 నాటి ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాల ఉద్దేశమూ అదే.

పంపాక మొదటి వారంలో రెండుసార్లు, ఆపైన 1, 3, 6, 12 నెలలకు తప్పకుండా కలవాలి. కానీ క్యాలెండర్ ఒక్కటే చాలదు. చేతిలో డబ్బయిపోయినప్పుడు, అప్పులవాడు వచ్చినప్పుడు, కోర్టు తేదీ దగ్గర పడినప్పుడు, నిందితుడికి బెయిల్ వచ్చినప్పుడు మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ. ఒక ఫోన్ నంబరు బట్టీ పట్టించండి. పక్కన ఎవరున్నా ఆపదలో ఉన్నానని తెలిపే మామూలు మాట ఒకటి ముందే అనుకోండి.

చదువు, పని. తరగతి తప్పిన పిల్లను తనకంటే నాలుగేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చోబెడితే నెలకే మానేస్తుంది. ముందు బ్రిడ్జి కోర్సు, అంటే తప్పిన తరగతుల పాఠాలు అందుకునే కోర్సు. బదిలీ కాగితం మీద షెల్టర్ పేరు కనబడకూడదు. ఇక చట్టప్రకారం పని చేయగల వయసు వచ్చినవాళ్లకు వృత్తి శిక్షణ అనగానే అందరికీ కుట్టు మిషనే ఎందుకు గుర్తొస్తుందో నాకు అంతుబట్టదు. శిక్షణ మొదలుపెట్టే ముందు పనిచ్చేవాళ్లను ముగ్గురిని అడగండి, నేర్చుకున్నవాళ్లకు నెలకు ఎంతిస్తారని. అది పిల్ల పాత అప్పుకూ, ఇంటి ఖర్చుకూ సరిపోకపోతే ఆ శిక్షణ ఫొటోలకే. సంపాదన నాలుగో నెలలో మొదలైతే ఆ మూడు నెలలూ గడిచేదెలా అన్నది లెక్క వేసి నెలనెలా భృతి ఇవ్వాలి, అది కూడా ఆమె పేరున ఉన్న ఖాతాలోకి. 17 దాటినవాళ్లకు 18 నిండే రోజున గేటు మూసుకుపోకుండా ఏడాది ముందే ఎక్కడుంటుంది, ఏం తింటుంది అన్నది కాగితం మీద ఉండాలి.


వేకువ:

ఆఖరుగా ఒకటి. 12 మంది పిల్లలకు రాత్రి ఎంతమంది సిబ్బంది ఉండాలి?


తొలిగంట:

గేటు మనిషి కాక ఇద్దరు, మేలుకుని ఉండేవాళ్లు. ఒక్కరే ఉంటే ఒక పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు పదకొండుమందికి ఎవరూ ఉండరు. పైగా ఏ ఆరోపణ వచ్చినా సాక్షి ఉండడు. ఆడపిల్లల వైపు ఆడవాళ్లే ఉండాలి. రాత్రి డ్యూటీ వాళ్లను వారం వారం మార్చొద్దు, ముఖాలు మారితే పిల్లలకు నిద్ర చెడుతుంది. వాళ్లకు వారానికో గంట సీనియర్‌తో కూర్చుని మాట్లాడే టైం జీతంలో భాగంగా పెట్టండి. ఈ కథలు వినీ వినీ వాళ్లకూ పీడకలలు మొదలవుతాయి, అప్పుడు ముందుగా కనబడేది పిల్లల మీద విసుక్కోవడమే.